వెలుగు వచ్చు దిక్కు

పటమును చూచినంతనే సామాన్యుడు వేయు ప్రశ్న ఒక్కటే: "అచ్చు దిగినట్లున్నదా?" ఉన్నచో మెప్పు, లేనిచో పెదవి విరుపు. ఈ కొలబద్దతో కొలిచినచో రెంబ్రాంట్ మహానుభావుడగును, పికాసో వట్టి గారడివాడగును; ఇద్దరి నడుమనున్న మూడువందల యేండ్ల చరిత్ర కేవలము పతనముగా కనబడును. కాని మన ప్రాచీనులు చిత్రమునకు షడంగములు చెప్పిరి. రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అనునవి యవి. సాదృశ్యము ఆరింటిలో ఒకటి మాత్రమే. కావున తరగతిలో విద్యార్థుల యెదుట పటము నుంచు ఉపాధ్యాయుడు పోలికను గూర్చిన ప్రశ్నను కొంతసేపు పక్కన పెట్టి వేరొక ప్రశ్న వేయవచ్చును: "ఈ పటములో వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నది?" ఐరోపా చిత్రకారులు ఈ చిన్న ప్రశ్నకు ఒక్కొక్క కాలమున ఒక్కొక్క సమాధానము చెప్పిరి. ఆ సమాధానముల వరుసను పట్టుకొన్నచో కళోద్యమముల వరుస దానంతటదే బోధపడును.

రోము నగరమందలి సాన్ లూయిజీ దేయీ ఫ్రాంచేసీ చర్చిలో కారవాజ్జో 1599-1600 సంవత్సరములలో రచించిన 'మత్తయికి పిలుపు' అను చిత్రము నేటికిని ఉన్నది. పన్నులు వసూలు చేయు మత్తయి తనవారితో బల్లచుట్టు కూర్చుండి సొమ్ము లెక్కించుచున్నాడు. కుడివైపున క్రీస్తు వచ్చి నిలిచి చేయి చాచినాడు. గోడకు కిటికీ కలదు. కాని వెలుగు దానినుండి రాదు. క్రీస్తు తలకు మీదుగా, పటమునకు వెలుపల నెక్కడనుండియో ఏటవాలుగా వచ్చిన కాంతి, చీకటి గదిని చీల్చుకొని బల్లవద్దివారి ముఖములపై పడినది. కొందరు తలయెత్తిరి. ఇద్దరు మాత్రము నాణెములనుండి చూపు మరల్చలేదు. పిలుపు అందరికిని వచ్చును, వినువారు కొందరే యను భావమును చిత్రకారుడు వెలుగుతో చెప్పినాడు. బల్లవద్దివారందరును ఆనాటి రోము వీథులలో కనబడు దుస్తులే ధరించియున్నారు. బరోక్ కళయందు కాంతి దైవానుగ్రహము; అది దిగివచ్చునది నిత్యజీవితములోని ఒక మామూలు గదిలోనికే.

హాలెండులో రెంబ్రాంట్ ఆ వెలుగును మనుష్యుల మధ్యకు తెచ్చినాడు. 1642లో ఆయన పూర్తిచేసిన 'రాత్రి కావలి' ఆమ్‌స్టర్‌డామ్ నగర రక్షకదళమువారి సామూహిక చిత్రము. ఎవరు నాయకుడో, ఎవరు అనుచరుడో, గుంపులో చూపు ఎవరిపై నిలువవలెనో అచ్చట వెలుగే నిర్ణయించును. నల్లని దుస్తులలోని నాయకుడు, పసుపుపచ్చని దుస్తులలోని ఉపనాయకుడు, వారి వెనుక బంగారుకాంతితో మెరయు ఒక బాలిక మొదట కనబడుదురు. చిత్రమైన సంగతి యేమనగా ఇది రాత్రి దృశ్యమే కాదు. పైపూత కాలక్రమమున నల్లబడుటచేత తరువాతివారు దానికి ఆ పేరు పెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ పూతను శుభ్రపరచినపుడు పగటి వెలుగు మరల బయటపడెను.

అదే దేశమున డెల్ఫ్ట్ పట్టణవాసి యగు వెర్మీర్ (1632-1675) వెలుగును వంటయింటికి తెచ్చినాడు. ఆయన 'పాలు పోయు పనికత్తె' 1660 ప్రాంతమున వ్రాసినది. నిలువు వెడల్పులు అరమీటరైనను లేవు. కథ లేదు, దేవుడు లేడు, వీరుడు లేడు. ఎడమవైపు కిటికీనుండి ఉదయపు వెలుగు వంటి వెలుగు వచ్చి గోడపై పరచుకొనును. సున్నపు గోడమీది మేకు, మేకు ఊడిన చిల్లి, రొట్టెపై మెరయు చుక్కలు, సన్నని ధారగా జారు పాలు ఆ వెలుగులో సమానగౌరవము పొందినవి. పనికత్తె ముందుగుడ్డకు వాడిన నీలము ఆఫ్ఘనిస్తానమునుండి వచ్చు లాజవర్దపురాతిని నూరి చేసినది. ఆ కాలమున మిక్కిలి ఖరీదైన రంగు. పూర్వపు చిత్రకారులు మేరీమాత వస్త్రమునకు దాచియుంచిన వర్ణమును వెర్మీర్ ఒక దాసి నడుమునకు కట్టినాడు. ఇట్టివాడు అప్పులతో మరణించినాడు. దాదాపు రెండు శతాబ్దములు లోకము ఆయనను మరచినది.

ఇంతవరకు వెలుగు ఏదో ఒకదానిని చూపించుటకు వచ్చినది: పిలుపును, నాయకుని, పాలధారను. 19వ శతాబ్దమున ఈ సంబంధము తలక్రిందులైనది. 1839లో ఫోటోగ్రఫీ లోకమునకు వెల్లడి యయ్యెను. పోలికను పట్టు పనిని యంత్రము చేయగలదని తేలినది. 1841లో తగరపు గొట్టములలో రంగులు నింపు పద్ధతి వచ్చుటచేత చిత్రకారుడు గది విడిచి ఆరుబయట కూర్చుండి పనిచేయుట సులభమయ్యెను. ఈ రెండు మార్పులకు వారసుడు మోనే (1840-1926).

1872 నాటి ఆయన చిత్రము 'ఇంప్రెషన్, సూర్యోదయము' ల హావ్ర్ రేవును చూపును. మంచులో కరగిపోవు ఓడలు, రెండు మూడు కుంచె దెబ్బలతో తేలిన పడవ, నారింజవన్నె సూర్యబింబము, నీటిలో దాని ముక్కలైన నీడ. 1874లో పారిస్ ప్రదర్శనలో దీనిని చూచిన లూయీ లెరోయ్ అను విమర్శకుడు, గోడకాగితపు చిత్తుప్రతియైనను ఇంతకంటె మెరుగని హేళన చేసి, ఆ చిత్రకారుల నందరిని 'ఇంప్రెషనిస్టు'లని ఎత్తిపొడిచెను. తిట్టే బిరుదైనది. ఈ పటముతో తరగతిలో ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. రంగుల ప్రతిని, నలుపుతెలుపుల ప్రతిని పక్కపక్కన పెట్టినచో రెండవదానిలో సూర్యుడు దాదాపు మాయమగును! మోనే సూర్యుని చుట్టునున్న ఆకాశముకంటె ప్రకాశవంతముగా వేయలేదు. వన్నెలో మాత్రమే భేదము చూపినాడు. అందుచేతనే ఆ బింబము కంటికి అదరుచున్నట్లు తోచును. అటుపిమ్మట 1892-94 సంవత్సరములలో రువాన్ నగరపు చర్చి ముఖభాగమును వేర్వేరు వేళల వెలుగులలో ముప్పదికి పైగా చిత్రములుగా వ్రాసినాడు. రాయి ఒక్కటే, పటములు అనేకములు. వెలుగు వస్తువును చూపుట పోయి, వస్తువు వెలుగును చూపుట వచ్చినది.

వాన్ గో (1853-1890) ఇంకొక అడుగు వేసినాడు. 1889 జూన్ నెలలో సెయింట్ రేమీలోని మానసిక చికిత్సాలయమున ఉండగా 'నక్షత్రముల రాత్రి'ని వ్రాసెను. కిటికీనుండి రాత్రి చూచిన ఆకాశమును పగటిపూట జ్ఞప్తినుండి రచించినాడు. కిటికీకి కనబడని పల్లెను కొండక్రింద చేర్చినాడు. నక్షత్రములు చుక్కలుగా లేవు, సుడులుగా తిరుగుచున్నవి. క్రింద పల్లె నిద్రించుచున్నది, నడుమ సైప్రస్ చెట్టు నల్లని జ్వాలవలె లేచినది. వెలుగు ఏ దిక్కునుండి వచ్చుచున్నదని అడిగినచో, చూచువాని లోపలినుండి యని చెప్పవలసియుండును. బాధపడు మనస్సు లోకమును ఇట్లు చూచినదని మాత్రమే చెప్పి ఊరకుండుట అన్యాయము. ఆ సుడులలో ఒక్క గీతయైనను అదుపు తప్పలేదు.

ఇక పికాసో. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్ దేశమందలి గెర్నికా పట్టణముపై జర్మన్, ఇటాలియన్ విమానములు బాంబులు కురిపించినవి. పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలోని స్పెయిన్ మండపమునకై ఒక పెద్ద చిత్రము వ్రాయుటకు అంతకుముందే అంగీకరించియున్న పికాసో, ఈ వార్త విని మే, జూన్ నెలలలో 'గెర్నికా'ను పూర్తిచేసెను. ఎత్తు సుమారు మూడున్నర మీటర్లు, పొడవు దాదాపు 7.77 మీటర్లు. ఎరుపు లేదు, నీలము లేదు. వార్తాపత్రికను తలపించు నలుపు, తెలుపు, బూడిదవన్నె మాత్రమే. చచ్చిన బిడ్డతో ఆక్రోశించు తల్లి, కూలు గుఱ్ఱము, విరిగిన కత్తి. అన్నిటికిని పైన కంటి ఆకారములో ఒక విద్యుద్దీపము! చిత్రము సాగుచుండగా దోరా మార్ తీసిన ఫోటోలలో మొదట ఆ చోట సూర్యుని వంటి ఆకారము కనబడును. సూర్యుడు పోయి దీపపు బుడ్డి వచ్చినది. స్పానిష్ భాషలో బాంబును 'బొంబా' అనియు, దీపపు బుడ్డిని 'బొంబియా' అనియు అందురు. ఈ శబ్దసామ్యమును పలువురు విమర్శకులు గుర్తించిరి. దాని పక్కనే కిటికీనుండి చాచిన ఒక స్త్రీ చేతిలో చిన్న నూనెదీపము కలదు. పైనున్న వెలుగు ఎవరిని ఓదార్చదు. చేతిలోని దీపము జరిగినదానిని చూచుటకు వచ్చినది.

మనుష్యుల ముఖములు ఇట్లుండునా యని గెర్నికాను అడుగుట కంటె, కారవాజ్జో గదిలోనికి దిగిన వెలుగు ఇచ్చట ఏమైనదని అడుగుట మేలు. అపుడు వక్రములైన ఆ ముఖములకు కారణము దానంతటదే తెలియును. ఆకాశమునుండి అనుగ్రహము దిగునని నమ్మిన కాలమున వ్రాసిన పటము ఒకటి, ఆకాశమునుండి బాంబులు పడిన ఏట వ్రాసినది ఇంకొకటి. రెండును ఒకే తీరున ఉండవలెనని కోరుటయే అసత్యము. చిత్రకారులు పోలికను విడిచినది చేతగాక కాదు. పికాసో చిన్ననాటి చిత్రములను చూచినవారికి ఆ సందేహము ఉండదు.

పాఠశాలకు పెద్ద చిత్రశాలలు అందుబాటులో లేకున్నను ఈ ఆరు పటముల ముద్రితప్రతులు నేడు ఎచ్చటనైనను దొరకును. పేర్లు, సంవత్సరములు చెప్పుటకు ముందు వానిని వరుసగా గోడకు అమర్చి, ఒక్కొక్కదానిలో వెలుగు వచ్చు దిక్కునకు బాణపుగుర్తు వేయుమని పిల్లలను కోరవచ్చును. మొదటి మూడింటికి గుర్తు తేలికగా పడును. నాలుగవదానివద్ద చేయి తడబడును. అయిదవదానివద్ద బాణము ఎటు వేయవలెనో తోచక విద్యార్థి ఉపాధ్యాయుని ముఖము చూచును. ఆనాటి పాఠము అచ్చటనుండి ఆరంభింపదగును.