నమూనా పరీక్షల జోస్యము

అమెరికాలో ఎం.ఎస్. చదువ నుద్దేశించు మన యువకులు జి.ఆర్.ఇ. వ్రాయుటకు ముందు మాక్ పరీక్షలు పెక్కు వ్రాయుదురు. హైదరాబాదున అమీర్‌పేట శిక్షణ కేంద్రముల మెట్లమీద వినవచ్చు సంభాషణలలో కొంత భాగము వీనిని గూర్చినదే. “మాక్‌లో 320 వచ్చిందన్నా, అసలు పరీక్షలో ఎంత రావచ్చు?” అని జూనియరు అడుగును. “ఐదు కలుపుకో” యని యొకడును, “పది తీసెయ్” అని వేరొకడును వరమిచ్చినట్లు పలుకుదురు. ఆ యిరువురి మాటకును స్వానుభవము తప్ప వేరాధారము లేదు; అదియును, మంచి మార్కులు వచ్చినవాడు చెప్పుకొన్నంతగా రానివాడు చెప్పుకొనడు గావున, మన చెవి సోకులోపలనే వడపోతకు లోనైన అనుభవము.

ఈ పరీక్షను నిర్వహించునది న్యూజెర్సీలోని ఇ.టి.యస్. సంస్థ. వెర్బల్, క్వాంట్ అను రెండు విభాగములకు విడివిడిగా 130 మొదలు 170 వరకు మార్కులు వేయుదురు. 2023 సెప్టెంబరులో పరీక్షాకాలమును రెండు గంటల లోపునకు కుదించిన పిమ్మట, విభాగమొక్కంటికి 27 ప్రశ్నలు మాత్రమే మిగిలినవి: మొదటి భాగమున 12, రెండవ భాగమున 15. మొదటి పండ్రెండింటికి అభ్యర్థి యెట్లు సమాధానమిచ్చెనో చూచి, కంప్యూటరు రెండవ భాగపు కాఠిన్యమును నిర్ణయించును. కావున సరియైన జవాబుల సంఖ్య యొక్కటే యైనను, కఠినమైన రెండవ భాగము నెదుర్కొన్నవానికిని, సులభమైన దాని నెదుర్కొన్నవానికిని మార్కులు వేరుగా వచ్చును. అచ్చుపుస్తకమందలి నమూనా పరీక్షకు ఈ నేర్పు లేదు. ఇ.టి.యస్. వారు పవర్‌ప్రెప్ అను పేర ఉచితముగా నిచ్చు రెండు పరీక్షలకు కలదు. పైగా వాని ప్రశ్నలును, కొలమానమును అసలు పరీక్ష కూర్చినవారివే యగుటచే, జోస్యమునకు వానికంటె నమ్మదగినవి లేవు. తక్కినవి అభ్యాసమునకు పనికివచ్చును, అంతే.

అయితే పవర్‌ప్రెప్ మార్కునైనను శిలాశాసనముగా భావింపరాదు. ఒకే మనుష్యుడు, కొత్తగా నేర్చినది లేక, మరచినది లేక, రెండు మారులు పరీక్ష వ్రాసినను మార్కులు సమానముగా రావు: తనకు తెలిసిన పదములే ఒకనాడు ప్రశ్నలలో తటస్థపడును, మరియొకనాడు పడవు, ఊహించి గుర్తించిన జవాబు ఒకనాడు ఫలించును, మరియొకనాడు ఫలింపదు. ఈ సహజ చాంచల్యమును గణాంకశాస్త్రజ్ఞులు ప్రామాణిక దోషమందురు. జి.ఆర్.ఇ.లో ఇది విభాగమునకు రెండు మార్కులకు కొంచె మధికము. ఈ దోషము మాక్‌కును కలదు, అసలు పరీక్షకును కలదు. రెండు విభాగముల మొత్తము తీసికొని లెక్కవేసినచో, ఆ రెండు ఫలితముల నడుమ నాలుగైదు మార్కుల వ్యత్యాసము కేవలము యాదృచ్ఛికముగనే రాగలదు. మూడింట నొక పర్యాయము అంతకును మించగలదు. 320 అను అంకెకు 316 మొదలు 324 వరకు అని అర్థము చెప్పుకొన్నను, అది సాహసోక్తియే.

దీనికి తోడు మన స్వయంకృతములు కొన్ని కలవు. ఐదు మాక్‌లు వ్రాసి, అందు అత్యధికమైన దానినే తన స్థాయిగా నెంచుట సర్వసాధారణము. ఆ అత్యధికములో సామర్థ్యముతోపాటు అదృష్టమునకును వాటా యున్నదని తలచువా రరుదు. కడపటి రెండుమూడింటి సగటు ఇంతకంటె సత్యమునకు సమీపము. ఒకసారి చేసిన పరీక్షనే మరల చేసినచో, జ్ఞాపకశక్తి మార్కులు కూడ బుద్ధిబలపు ఖాతాలో చేరును. అసలు పరీక్ష అరగంట వ్యాసరచనతో ఆరంభమై విరామము లేక సాగును. మనవాడు ఇంట వ్యాసమును దాటవేసి, క్వాంటునకు ముందు కాఫీ త్రాగి వచ్చి కూర్చుండును. అట్టి మాక్ మార్కు వేరొక పరీక్షను గూర్చినది.

ఈ లెక్క తెలిసినవానికి ఫలితము వచ్చిన తరువాత కూడ ప్రయోజనము కలదు. సంస్థవారు 21 దినముల వ్యవధితో, పండ్రెండు మాసములలో ఐదు పర్యాయముల వరకు పరీక్ష వ్రాయనిత్తురు. మాక్‌ల సగటుకంటె పది మార్కులు తగ్గినవానికి ఆనాడేదో అవాంతరము కలిగియుండవలెను. వాడు మరల వ్రాయుట సమంజసము. మూడు తగ్గినవాడు మాత్రము, మరల రుసుము చెల్లించునెడల, ఆ ధనమును చాలవరకు చాంచల్యము మీదనే పందెమొడ్డుచున్నాడు.