రక్తంలో విషం ఉందా? అడిగితేనే పరీక్ష చెబుతుంది

"హకీం సాబ్! రక్తపరీక్షలన్నీ చేయించాం. ఏమీ లేదన్నారు. కడుపునొప్పి మాత్రం తగ్గడం లేదు."

నౌబాద్‌లోని మా దవాఖానాకు వచ్చిన ఒక యువకుడి మాట ఇది. మలబద్ధకం, పాలిపోయిన ముఖం. ఏం వాడుతున్నావని అడిగితే సంచిలోంచి పేరులేని పొట్లం తీశాడు. బలానికి కుష్తా అని ఎవరో అమ్మారట. ఎనిమిది నెలలుగా తింటున్నాడు. పొట్లంతో సహా పెద్దాసుపత్రికి పంపాను. రక్తంలో సీసం బయటపడింది.

మరి మొదటి పరీక్షల్లో ఎందుకు కనబడలేదు? సీసం కోసం ఎవరూ చూడలేదు గనుక! విషాలన్నిటినీ ఒకేసారి పట్టే రక్తపరీక్ష లేదు. సీసానికి పరీక్ష వేరు. కొన్ని రకాల పురుగుమందులు ఒంట్లోకి పోతే కోలినెస్టరేజ్ అనే ఎంజైము తగ్గిందా అని చూస్తారు. పారాసిటమాల్ ఎక్కువగా మింగితే, 4 గంటలు గడిచాక తీసిన రక్తంతోనే ప్రమాదం అంచనా వేస్తారు. కొన్ని మందులు రక్తంలో గంటలే ఉంటాయి, మూత్రంలో రోజుల తరబడి దొరుకుతాయి. సీసమైతే ఎముకల్లో ఏళ్ళ తరబడి దాగుతుంది.

దొరికినదే కారణమనీ తొందరపడకూడదు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది మూర్ఛలతో పడిపోయారు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాలనే ప్రధాన కారణంగా చూపారు.

మా వైద్యంలో నబ్జ్, ఖారూరా చూస్తాం. కాని నాడి పట్టుకుని సీసం ఎంతుందో ఏ హకీమూ చెప్పలేడు. ఇబ్నె సీనా తన 'అల్ ఖానూన్'లో విషాల గురించి రాశారు, కాని ఆయన కాలంలో ఈ పరీక్షలు లేవు. మనకున్నాయి, వాడుకుందాం. రక్తంలో సీసం డెసీలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది.

మీరు చేయవలసినవి:

* పేరు, తయారీదారు చిరునామా లేని కుష్తా, మాజూన్, పొడులు కొనకండి.
* పసిపిల్లల కళ్ళకు సుర్మా పెట్టకండి. కొన్నిటిలో సీసం ఉంటుంది.
* విషం తిన్నారని అనుమానం వస్తే వాంతి చేయించకండి. సీసా, పొట్లం తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఏం తిన్నారో, ఎన్ని గంటలకో చెప్పండి.

డాక్టరు ముందు హకీం మందు, హకీం ముందు డాక్టరు మందు దాచకండి. ఆ మొహమాటమే ప్రాణం మీదికి తెస్తుంది.