తెర మారితే చెవికి తెలిసేదెలా?

పోటీ పరీక్షకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపిన అభ్యర్థి ‘సబ్మిట్’ బటన్ నొక్కగానే, పుట్టిన తేదీ గడి కింద ‘ఈ వివరం తప్పనిసరి’ అని ఎర్రటి అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. చూపున్నవారు వెంటనే సరిచేసుకుంటారు. తెరమీది పాఠాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌పై ఆధారపడిన అంధ అభ్యర్థికి మాత్రం చాలాసార్లు ఏమీ వినిపించదు. దరఖాస్తు వెళ్లిపోయిందనే అనుకుంటారు. గడువు తేదీ దాటాక గానీ సంగతి తెలియదు.

ఈ లోపం ఎక్కడుందో తెలియాలంటే పేజీ లోపలికి వెళ్లాలి. సర్వర్ నుంచి వచ్చే హెచ్‌టీఎంఎల్ ఉత్త పాఠం. బ్రౌజర్ దాన్ని చదువుతూ మెమరీలో వంశవృక్షం వంటి నిర్మాణాన్ని అల్లుతుంది. బాడీకి సంతానం ఫారం, ఫారానికి సంతానం గడులు, బటన్లు. దీని పేరు డాక్యుమెంట్ ఆబ్జెక్ట్ మోడల్, పొట్టిగా డామ్. జావాస్క్రిప్ట్ మార్చేది ఈ చెట్టునే. సర్వర్ పంపిన ఫైలును కాదు. ‘క్వెరీసెలెక్టర్’తో కావలసిన కొమ్మను వెతుకుతుంది. ‘యాడ్‌ఈవెంట్‌లిజనర్’తో బటన్ నొక్కే క్షణం కోసం కాచుకుంటుంది. ‘అపెండ్‌చైల్డ్’తో కొత్త కొమ్మను అతికిస్తుంది. చెట్టు మారగానే బ్రౌజర్ తెరను మళ్లీ గీస్తుంది.

ఈ ఏర్పాటు మొదటినుంచీ ఇంత సాఫీగా లేదు. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ ఈ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశారు. 1997 నాటికి నెట్‌స్కేప్ ఒక పద్ధతి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ మరో పద్ధతి పట్టడంతో ఒకే పనికి రెండుసార్లు కోడ్ రాయాల్సి వచ్చేది. 1998 అక్టోబరులో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం డామ్ తొలి ప్రమాణాన్ని ఆమోదించింది.

డామ్ ఆధారంగా బ్రౌజర్ మరో చెట్టునూ తయారుచేస్తుంది. ప్రతి అంశం పేరు, పాత్ర, స్థితి అందులో ఉంటాయి. స్క్రీన్ రీడర్ చదివేది దీన్నే. స్క్రిప్ట్ చేర్చిన ఎర్ర అక్షరాలు ఇందులోకీ వస్తాయి. చిక్కేమిటంటే, కన్ను తెరనంతా ఒకేసారి చూస్తుంది, చెవి ఒక్కో మాటే వింటుంది. చదివే స్థానం బటన్ దగ్గరుంటే, పైనెక్కడో పుట్టిన వాక్యం ఆ దారిలో తగలదు.

అందుకే ‘ఏరియా-లైవ్’ అనే గుర్తు ఉంది. దానికి ‘పొలైట్’ అనే విలువ ఇస్తే, చదువుతున్నది ముగిశాక కొత్త సందేశం వినిపిస్తుంది. ‘అసెర్టివ్’ అయితే మధ్యలోనే అడ్డుపడుతుంది. ఇక్కడ చాలామంది తడబడేది ఒకచోట ఉంది: గుర్తున్న ఖాళీ స్థలం ముందే పేజీలో ఉండాలి, సందేశం తర్వాత అందులో పడాలి. రెండింటినీ ఒకేసారి చేరిస్తే మౌనమే మిగలవచ్చు. ఫారాల్లో ఇంకా సులువైన దారి, తప్పున్న గడికే ఫోకస్‌ను తీసుకెళ్లడం.

2018లో వెలువడిన వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు 2.1లో ఇటువంటి స్థితి సందేశాలకు ప్రత్యేక నియమమే ఉంది. భారత ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో రూపం కూడా ఈ 2.1నే ఆధారంగా తీసుకుంది. పరీక్షించడం కష్టమేమీ కాదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది. మౌస్ పక్కనపెట్టి, తెర ఆపేసి, ట్యాబ్, ఎంటర్ మీటలతో సొంత ఫారాన్ని ఒకసారి నింపి చూస్తే చాలు.