తీపి గుళికలతో పాత ఉబ్బసం పోతుందా?

గుడివాడ: 1945లోనే హోమియో కళాశాల వెలసిన ఈ ప్రాంతానికి తీపి గుళికల వైద్యం కొత్త కాదు. కుప్పనూర్పిళ్ల దుమ్ము, పొయ్యి పొగ, మంచు తగిలితే ఉబ్బస రోగులకు పిల్లికూతలు మొదలవుతాయి. రాత్రంతా కూర్చునే తెల్లవార్చాలి.

హోమియో వైద్యులు ఆయాసం వచ్చే వేళను బట్టి మందు ఎంచుతారు. అర్ధరాత్రి దాటాక ఆయాసం, కంగారు, చలి ఉంటే ఆర్సెనికం ఆల్బం ఇస్తారు. 30వ పొటెన్సీ అంటే మందును నూటికి ఒక వంతు చొప్పున 30 సార్లు పలచన చేశారన్నమాట.

అయితే దీనితో ఉబ్బసం నయమవుతుందని రుజువు కాలేదు. ఏ జబ్బుకూ హోమియో పనిచేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి తేల్చింది.

గుళికలు వేసుకునే వారు డాక్టరు ఇచ్చిన పీల్చే మందు మాత్రం మానరాదు. ఆయాసంతో మాట పెగలకపోయినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి.