కాలి కీళ్ళ నొప్పి: ఫిజియోథెరపీ ఏం అడుగుతుంది, ఏం చేస్తుంది

మన వాడల్లో మోకాళ్ళ నొప్పిని జబ్బుల లెక్కలో వేయరు. నలభై దాటిన ఆడమనిషి గోడ పట్టుకుని లేస్తుంటే 'వాతం' అంటారు. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఒక సూది వేస్తాడు, మర్నాడు మళ్ళీ మడిలో దిగుతుంది. నాలుగు డబ్బులు పోగేసుకుని పట్నం పోతే ఎక్స్‌రే తీసి 'గుజ్జు అరిగిపోయింది' అని ఒక మాట చెప్పి పంపుతారు. ఆ మాట మందుకన్నా గట్టిగా పనిచేస్తుంది. అరిగినదాన్ని వాడితే ఇంకా అరుగుతుందన్న భయం పట్టుకుంటుంది. కూలికి తప్ప దేనికీ కాలు కదపదు. తొడ కండ సన్నబడుతుంది, కండ సన్నబడిన కొద్దీ కీలు మీద భారం పెరుగుతుంది. చివరికి ఆపరేషన్ ఒక్కటే దారి అని తేలుస్తారు.

ఈ వరసకు బయట ఉన్న ఒక వైద్యం గురించి మేము ఇక్కడ రాస్తున్నాం. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం, మాలిష్ చేయడం అనుకునేవాళ్ళు మన కార్యకర్తల్లో కూడా చాలామందే ఉన్నారు. నిజానికి దానిలో సగం పని కారణం వెతకడం. ఆ వెతుకులాట నిజాయితీగా సాగితే మనిషి చేసే పని దగ్గరికి వస్తుంది, ఆ పని ఆమె వంతుకే ఎందుకు వచ్చిందన్న దగ్గరికీ వస్తుంది.

రోగిని 'నీ వృత్తి ఏమిటి' అని అడగడం వైద్యుడి విధి అని గట్టిగా చెప్పినవాడు బెర్నార్దినో రామజ్జీని అనే ఇటలీ వైద్యుడు. వృత్తి రోగాల మీద ఆయన పుస్తకం 1700లో వచ్చింది. ఆయన్ని ఈ ఆలోచన వైపు తిప్పింది తన ఇంట్లో మరుగుదొడ్డి గుంట ఎత్తడానికి వచ్చిన ఒక కూలీ. అంత తొందరగా ఎందుకు పనిచేస్తున్నావని అడిగితే, ఎక్కువసేపు ఉంటే కళ్ళు పోతాయని చెప్పాడట. యూరప్‌లో వృత్తి వైద్యానికి పునాది పాకీ పనిచేసే మనిషి మాట మీద పడిందన్నమాట. మన ఆస్పత్రుల్లో మాత్రం కేసు షీటు మీద వృత్తి అన్న గడిలో 'కూలీ' అనో 'గృహిణి' అనో రాసి ముగిస్తారు.

మంచి ఫిజియోథెరపిస్టు అక్కడ ఆగడు. నొప్పి ఒక వేలితో చూపించగలవా, అరచేయంతా పెట్టి చూపిస్తావా అని అడుగుతాడు. మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? పొద్దున లేవగానే కాళ్ళు ఎంతసేపు బిగుసుకుని ఉంటాయి? ఈ చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గానీ చాలా తేలుస్తుంది. అరగంట లోపల సడలిపోతే సాధారణంగా అరుగుదల వల్ల వచ్చిన నొప్పి. గంటకు పైగా బిగుసుకుని ఉండి, చేతివేళ్ళ కీళ్ళు కూడా రెండు వైపులా వాచి ఉంటే అది రుమటాయిడ్ వాతం కావచ్చు. దానికి వ్యాయామం ఒక్కటీ చాలదు, రక్త పరీక్షా మందులూ కావాలి.

తర్వాత కళ్ళతో చూడడం. నడిపించి చూస్తారు. ఒంటికాలి మీద నిలబడమంటారు. నిలబడ్డ కాలి వైపు తుంటి కండ బలహీనంగా ఉంటే, ఎత్తిన కాలి వైపు కటి కిందికి జారుతుంది. అలా జారే మనిషికి ప్రతి అడుగులోనూ మోకాలు లోపలికి ఒరిగి చిప్ప ఎముక పక్కకు రాసుకునే ప్రమాదం ఉంది. నొప్పి మోకాలిది, లోపం తుంటిది. ఇంకొకరికి చీలమండ బిగుసుకుపోయి పాదం ముందుకు వంగదు. కింద కూర్చున్నప్పుడు ఆ వంగని భాగమంతా మోకాలే భరించాలి. అందుకే ఫిజియోథెరపీలో ఒక నియమం ఉంది: నొప్పి ఉన్న కీలుతో పాటు దాని పైకీలు, కిందికీలు కూడా చూడాలి.

ఇంకో చిక్కు ఉంది. తుంటి కీలుకు పోయే నరాల్లో కొన్ని మోకాలికి కూడా పోతాయి గనక తుంటి చెడితే మోకాలు నొప్పి పుట్టవచ్చు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని బయటి వైపుకు తిప్పినప్పుడు గజ్జలో నొప్పి వచ్చిందంటే తుంటిని అనుమానించాలి. కాలు నిటారుగా ఎత్తితే నొప్పి పిక్క దాకా పాకిందంటే వెన్ను దగ్గర నరం నొక్కుకుపోతున్నదేమో చూడాలి. కుంటుతూ మోకాలు నొప్పి అనే పిల్లవాడికి తుంటి పరీక్ష చేయకుండా మోకాలికి పట్టీ కట్టి పంపడం పెద్ద తప్పు. మన హాస్టళ్ళ వార్డెన్లకూ టీచర్లకూ ఈ ఒక్క సంగతి తెలిసినా కొంతమంది పిల్లల తుంటి కీళ్ళు దక్కుతాయి.

తుంటి మాట వచ్చింది గనక ఆ సూదుల సంగతి కూడా చెప్పాలి. నొప్పి వెంటనే తగ్గాలని వేసే సూదుల్లో, పొట్లం కట్టి ఇచ్చే బిళ్ళల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే, అది నెలల తరబడి సాగితే, తొడ ఎముక తలకు రక్తం అందక ఆ ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది. సారా ఎక్కువైనా ఇదే జరగవచ్చు, సికిల్ సెల్ ఉన్నవాళ్ళలోనూ ఇది కనిపిస్తుంది. నొప్పికి వేసుకున్న మందే కొత్త నొప్పికి కారణమైనప్పుడు, 'ఏ మందులు వాడావు, ఎవరిచ్చారు' అని తిట్టకుండా అడగగలిగినవాడికే నిజం తెలుస్తుంది.

ఇక నల్లగొండ లాంటి చోట్ల కారణం నీళ్ళలో ఉంటుంది. నీళ్ళలో ఫ్లోరైడ్ తెచ్చే ఎముకల జబ్బును మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచి. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్ళు లోపలికి ఒంగి ఒకదానికొకటి తగులుకునే స్థితి గురించి ప్రచురించారు. తాగే నీళ్ళలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సహించవచ్చు అని మన దేశ ప్రమాణం. కాళ్ళతో పాటు వెన్ను, మెడ కూడా బిగుసుకుపోయిన మనిషి వస్తే నీళ్ళ సంగతి అడగాలి. ఊరి నీళ్ళు వేరు, వాడ బోరు వేరు అయిన చోట ఊరి నీళ్ళ రిపోర్టు వాడకు చెల్లదు.

పనికీ కీలుకూ ఉన్న సంబంధం ఇప్పుడు ఊహ కాదు. 1991లో అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం, మోకాళ్ళు వంచి బరువు పనులు చేసిన మగవాళ్ళలో మోకాలి అరుగుదల ఎక్కువని చూపింది. 1992లో ఇంగ్లండులో రైతుల తుంటి కీళ్ళ మీద ఇలాంటి ఫలితమే వచ్చింది. 2004లో బీజింగ్ నుంచి వచ్చిన అధ్యయనం, వయసులో ఉన్నప్పుడు రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవాళ్ళలో మోకాళ్ళ అరుగుదల ఎక్కువని తేల్చింది. మనవాళ్ళ రోజు దీని పక్కన పెట్టి చూడండి. నాటు వేసే మనిషి నడుము దగ్గర మడతపడి, మోకాళ్ళు దాదాపు నిటారుగా పెట్టి, బురదలో దిగబడ్డ కాలును ఒక్కో అడుగుకూ పీక్కుంటూ వెనక్కి జరుగుతుంది. కలుపు తీసేటప్పుడు గొంతుక్కూచుని జరుగుతుంది. సాయంత్రం గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని గట్ల మీద నడుస్తుంది. ఉత్త నడకలోనే మోకాలి మీద ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు బలం పడుతుంది, ఎందుకంటే కీలును నిలబెట్టే కండలు కూడా దాన్ని నొక్కుతాయి. మోపు బరువు దానికి అదనం. చెప్పులు కుట్టే మాదిగ మోకాళ్ళు ముడుచుకుని దినమంతా కూర్చుంటాడు. పొట్టి చీపురుతో రోడ్డు ఊడ్చే మనిషి వంగి లేవదు. కాలిఫోర్నియా పొలాల్లో కూలీల నడుములు విరగ్గొట్టిన పొట్టి పిడి పారను 1975లో అక్కడ నిషేధించారు. మన పొట్టి చీపురు మీద అలాంటి తీర్పు రాలేదు.

సరే, వైద్యం ఏమిటి? ముందు చేయవలసింది 'అరిగిపోయింది' అన్న భయం తీయడం. ఎక్స్‌రేలో బాగా అరిగిన కీలు నొప్పి లేకుండా ఉండవచ్చు, బాగున్న కీలు నొప్పి పుట్టవచ్చు. కీలు బండి చక్రం లాంటిది కాదు. ప్రాణమున్న కణజాలం, తగుమాత్రం భారం పడితేనే ఆరోగ్యంగా ఉంటుంది. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు అరుగుదల ఉన్న అందరికీ వ్యాయామం సూచించమంటాయి. అల్ట్రాసౌండ్, ఐ.ఎఫ్.టి. లాంటి కరెంటు చికిత్సలు దీనికి ఇవ్వవద్దంటాయి. మన దగ్గర చాలా సెంటర్లలో మిషన్ పెట్టి ఇరవై నిమిషాలు పడుకోబెట్టి డబ్బులు తీసుకోవడమే ఫిజియోథెరపీగా నడుస్తున్నది. అరిగిన మోకాలిలోకి గొట్టం పెట్టి కడిగే ఆపరేషన్ ఉత్తుత్తి ఆపరేషన్ కన్నా మెరుగు కాదని 2002లోనే అమెరికాలో తేలింది.

వ్యాయామాలకు పెద్ద సామాను అక్కర్లేదు. మోకాలి కింద చుట్ట చుట్టిన తువ్వాలు పెట్టి కిందికి నొక్కి ఐదు లెక్కపెట్టడం. పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం. వెల్లకిలా మోకాళ్ళు మడిచి పడుకుని పిరుదులు పైకెత్తడం. మంచం అంచున కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, మెల్లగా కూర్చోవడం. (ఊరి పెద్దల ముందు మంచం మీద కూర్చుంటే తన్నిన ఊళ్ళు మనకు తెలుసు. ఇప్పుడు ఆ మంచమే వైద్య పరికరం.) చేసేటప్పుడు కాస్త నొప్పి ఉన్నా భయం లేదు. మర్నాటికి కూడా తగ్గకపోతే లెక్క తగ్గించాలి. ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. సూదిలాగా సాయంత్రానికి గుణం కనిపించదు కాబట్టే చాలామంది మధ్యలో వదిలేస్తారు. కర్ర పట్టుకోవలసి వస్తే నొప్పి లేని వైపు చేత్తో పట్టుకోవాలి, చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

'పొద్దంతా ఒళ్ళు హూనం చేసుకుంటున్నాం, మళ్ళీ ఎక్సర్‌సైజులా?' అని ఆడవాళ్ళు అడుగుతారు. సరైన ప్రశ్న ఇది. కూలి పని వ్యాయామం ఎందుకు కాదంటే, వ్యాయామంలో భారం మెల్లగా పెంచుతాం, కండకు కోలుకునే వ్యవధి ఇస్తాం, బలహీనమైన కండను ఎంచుకుని పనిచేయిస్తాం. నాట్లలో అదే కండ, అదే వంపు, ఎనిమిది గంటలు. ఆపే హక్కు పనిచేసే మనిషికి లేదు. గుత్త పనిలో అసలే లేదు, ఒకరు ఆగితే ముఠా మొత్తానికి కూలి తగ్గుతుంది. కనుక 'విశ్రాంతి తీసుకో, కింద కూర్చోకు, బరువు ఎత్తకు' అని చెప్పే ఫిజియోథెరపిస్టు కుర్చీ ఉన్న ఇంటికి చీటీ రాస్తున్నాడు. అరగంటకొకసారి నడుము ఎత్తి నాలుగడుగులు నడవడం, నాటూ నారేతా మార్చుకుని చేయడం, కలుపుకు పొట్టి పీట వాడడం, మోపు రెండు సార్లుగా మోయడం లాంటివి వ్యక్తికి ఇచ్చే సలహాలుగా పనికిరావు. ముఠాతోనూ మేస్త్రీతోనూ కూర్చుని ఒప్పించవలసినవి. ఇక్కడ సంఘం చేయగలిగింది డాక్టరు చేయలేడు.

ఇది ముట్టుకోకుండా చేయలేని వైద్యం. కీలు వేడిగా ఉందా, వాపు నీటిదా ఎముకదా, కండ ఎంత బలంగా నెడుతోంది, ఇవన్నీ చెయ్యి పెట్టి తెలుసుకోవలసినవే. దూరం నుంచి చూసి చీటీ రాసే డాక్టరుకు అలవాటుపడిన మన మనుషుల బురద కాళ్ళను ఎవరు, ఎంత ఓపికతో పట్టుకుని చూస్తారన్నది మర్యాదకే కాదు, రోగ నిర్ధారణకు సంబంధించిన విషయం. ఆడవాళ్ళను పరీక్ష చేసేటప్పుడు తెర ఉండాలి, తోడు ఉండాలి, ఏం చేయబోతున్నారో ముందు చెప్పాలి. మీరు అని పిలవాలి. 2021 చట్టం ఫిజియోథెరపిస్టులను ఆరోగ్య వృత్తినిపుణులుగా గుర్తించింది గానీ, మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సాధారణంగా ఆ పోస్టే ఉండదు.

బ్రిటన్‌లో పదేళ్ళు పైబడి వ్యవసాయం చేసినవాళ్ళకు వచ్చే తుంటి అరుగుదలను 2005లో, బొగ్గుగని కార్మికుల మోకాలి అరుగుదలను 2009లో వృత్తి వ్యాధులుగా చేర్చారు, భృతి ఇస్తారు. 2025 దాకా అమల్లో ఉన్న మన 1923 నష్టపరిహార చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో మోకాలి అరుగుదల ఉండేది కాదు. రేపు చేర్చినా, ఎన్నేళ్ళు ఏ పని చేశావో రుజువు చూపమంటారు. నాట్లు వేసినవాళ్ళ ఏళ్ళు ఏ రిజిస్టరులోనూ లేవు. కేసు షీటులో 'కూలీ' అన్న చోట 'పన్నెండో ఏట నుంచి నాట్లు, కలుపు. రోజుకు ఎనిమిది గంటలు. ముప్ఫై ఏళ్ళు' అని రాయించుకుని, ఆ కాగితం జిరాక్సు తీసి దాచుకోమని మేము మా దగ్గరికి వచ్చే వాళ్ళందరికీ చెప్తున్నాం.