పొగరుబోతు కెప్టెన్, పానా పట్టిన హీరోయిన్

తెలుగు పాఠకురాలికి పొగరుబోతు హీరో కొత్తవాడు కాదు. 1960ల్లో ‘జ్యోతి’ మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ సీరియల్ మొదలుపెట్టినప్పటి నుంచీ అతను మన ఇళ్లలోనే తిరుగుతున్నాడు. మంచి ఎత్తు, పెద్ద కారు, పొదుపుగా మాటలు. ఆ నవలలో హీరో రాజశేఖరం. అతని దగ్గర కొలువుకు చేరిన జయంతికి ఆస్తి లేదు, అండ అంతకన్నా లేదు. ఉన్నదల్లా ఆత్మాభిమానం. దాంతోనే నవలంతా నెగ్గుకొచ్చింది. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది.

కోరుట్లలో మా ఇంట్లో ఇలాంటి నవలలు చదివేది నేను, వినేది మా అమ్మ, మేనత్త, వాడకట్టు ఆడవాళ్లు. బీడీలు చుట్టేవాళ్లకు పుస్తకం పట్టుకునే వీలెక్కడిది? ఒళ్లో చాట, చాటలో తంబాకు, తడిపి కత్తిరించిన తునికాకు. వేళ్లు వాటంతటవే చుట్టుకుంటూ పోతాయి, చెవులు మాత్రం ఖాళీ. అద్దెకు తెచ్చిన నవలను నేను గట్టిగా చదవాలి. హీరో మరీ పెడసరంగా మాట్లాడితే చేతులు ఆగేవి కావు గానీ నోళ్లు లేచేవి.

“గా పిల్ల ఇంక ఆడ్నే ఎందుకున్నది? నౌకరి ఇడిశిపెట్టి రావద్దా?” అనేది మేనత్త.

“ఇడిశిపెడితె తినేదేంది?” అనేది అమ్మ.

ఈ రకం కథల మీద ఎంత పెద్ద విమర్శ చదివినా నాకు అమ్మ వేసిన ప్రశ్నే గుర్తొస్తుంది. అతని పొగరు వెనక బంగళా ఉంది. ఆమె పౌరుషం వెనక ఉన్నది నెల జీతం, అదీ అతనిచ్చేదే. ఇద్దరి మధ్యా మాటల యుద్ధం ఎంత బాగా సాగినా తూకం మాత్రం అతనివైపే. సైన్స్ ఫిక్షన్ రొమాన్స్ నాకు నచ్చింది ఆ తూకాన్ని మార్చినందుకే.

అసలేమిటీ సైన్స్ ఫిక్షన్ రొమాన్స్? ప్రేమకథే, కానీ జరిగేది అంతరిక్ష నౌకలోనో, వేరే గ్రహం మీదో, రాబోయే కాలంలోనో. నౌకను తీసేసి ఆ స్థానంలో బంగళా పెట్టినా కథ నడిచిపోతుందంటే అది ఉత్త వేషమే. ఆ విజ్ఞానం లేకపోతే ఆ ప్రేమకు ఆ చిక్కే రాకూడదు, అప్పుడే అసలు సరుకు.

ఉదాహరణకు అమెరికన్ రచయిత్రి లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ రాయగా 1986లో వచ్చిన ‘షార్డ్స్ ఆఫ్ ఆనర్’. హీరోయిన్ కార్డీలియా నేస్మిత్, కొత్త గ్రహాలను సర్వే చేసే బృందానికి కెప్టెన్. హీరో ఏరల్ వోర్కొసిగన్ శత్రుదేశపు సైనికాధికారి, ప్రభువుల వంశం, పైగా కసాయి అని లోకమంతా పేరు. మనిషి జాడలేని గ్రహం మీద ఆమె అతనికి బందీగా చిక్కుతుంది. ఇద్దరూ కాలినడకన చాలా దూరం పోవాలి. ఆమె బృందంలోని ఒక కుర్రాడు ఆయుధం దెబ్బకు మెదడు చెడి, పసిపిల్లాడిలా మిగిలాడు. వీణ్ని వెంటేసుకుని ఎక్కడ నడుస్తాం, ఇక్కడే బాధ లేకుండా ముగిద్దామన్నది సైనికుడి లెక్క. నావాడు, వదలను అన్నది ఆమె మాట. చివరికి ముగ్గురూ నడిచారు. అతని పొగరు కరగడం అక్కడే మొదలవుతుంది. ఆమె కన్నీళ్లు పెట్టుకున్నందుకు కాదు, తన కింద పనిచేసే మనిషి బాధ్యతను తన మీద వేసుకున్నందుకు. అతనూ అధికారే గనక దాని బరువెంతో తెలుసు. జయంతికి దొరకనిది ఇదే, హీరో పనికి సాటివచ్చే పని.

దీని తరువాయి ‘బరాయర్’కు 1992లో హ్యూగో అవార్డు వచ్చింది. అందులో ఆమె, అతనూ భార్యాభర్తలు. తిరుగుబాటు చేసినవాడి చేతికి, ఇంకా పుట్టని ఆమె బిడ్డ పెరుగుతున్న కృత్రిమ గర్భయంత్రం చిక్కుతుంది. భర్త యుద్ధవ్యూహాల్లో ఉంటాడు. ఆమె కొద్దిమందితో రాజధానిలోకి చొరబడి, బిడ్డను తెచ్చుకోవడమే గాక ఆ తిరుగుబాటుదారుడి తల తీయించి సంచిలో పట్టుకొస్తుంది. ఇది చదివినప్పుడు నాకు పోతన భాగవతంలోని సత్యభామ కళ్లముందు నిలిచింది. గరుత్మంతుడి మీద మొగుడితో కలిసి ప్రాగ్జ్యోతిషానికి ఎగిరిపోయి నరకుడి సేనతో విల్లు పట్టి పోరాడింది. పక్కన కూర్చున్నవాడు సాక్షాత్తూ కృష్ణుడు, పొగరుకేం తక్కువ! బలమైన హీరోయిన్‌ను బయటినుంచి తెచ్చుకోవాల్సిన గతి మనకైతే లేదు.

లిన్నియా సింక్లెయిర్ అనే ఇంకో రచయిత్రి ఒకప్పుడు విలేకరి, ఆ తర్వాత ప్రైవేట్ డిటెక్టివ్. ఆమె 2007 నవల ‘గేమ్స్ ఆఫ్ కమాండ్’లో హీరో సగం యంత్రంగా మారిన అడ్మిరల్. అందరూ పొగరు అనుకునేది, లోపల దాచుకున్న భయం. సరదాగా చదివించే పుస్తకం, అంతకు మించి ఆశించొద్దు.

ఈ కథల్లో మా వైపు వాళ్లకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేని సంగతి దూరం. ఐన్‌స్టీన్ 1905లో చెప్పిన సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, కాంతి వేగంలో నూటికి 99 వంతుల వేగంతో పోయే నౌకలో ఒక్క ఏడాది గడిస్తే భూమ్మీద ఏడేళ్లు గడుస్తాయి. పోయినవాడు పడుచుగానే తిరిగొస్తాడు, ఎదురుచూసిన మనిషికి జుట్టు నెరుస్తుంది. అలాంటి కథ ఒకటి మా మేనత్తకు చెప్పాను. చుట్టిన బీడీకి దారం కట్టుకుంటూ విన్నది.

“మన దుబాయోళ్లది దానికి ఉల్టా గదనే. ఈడున్నోళ్లు ఉన్నట్లే ఉంటరు, పోయినోడే ముసలోడై వస్తడు.”

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి గల్ఫ్‌కు పోయిన మగవాళ్లను ఎరిగిన ఎవరికైనా ఆ మాటలో అబద్ధం కనపడదు. సెలవుకు వచ్చిన తండ్రిని గుర్తుపట్టక తల్లి వెనక దాక్కున్న పిల్లలు మా వాడలో ఎందరో. ఇంత ముడిసరుకు ఇంటి ముందే పడి ఉంటే మన రచయితలు ఇంకా లండన్ రిటర్న్ కోటీశ్వరుడి దగ్గరే ఆగిపోవడం నాకు మింగుడుపడదు.

తెలుగులో ఈ దారి బొత్తిగా లేదనీ కాదు. లోకం అంతమవుతుందని తెలిశాక మనుషులేమవుతారో యండమూరి ‘యుగాంతం’లో రాశారు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’లో కాలయంత్రం ఎక్కించి ప్రేమజంటను రాయలవారి కొలువుకూ, ఆపైన భవిష్యత్తుకూ తిప్పారు. అందులో హేమ సైంటిస్టు కూతురే గానీ సైంటిస్టు కాదు, అదొక్కటే నా ఫిర్యాదు. ఇప్పుడు పొగరుబోతు హీరోల పంట పండేది ఫోన్లలో. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు సీరియళ్లు భాగాలు భాగాలుగా వస్తాయి. రాసేవాళ్లలో, చదివేవాళ్లలో ఆడవాళ్లు బోలెడు. మా వాడకట్టులో చాట పక్కన ఇప్పుడు నా బదులు ఫోన్ ఉంటుంది, ఆడియో సీరియల్ దానంతటదే చదువుకుంటూ పోతుంది. ఒకటి రెండు భాగాలు నేనూ విన్నాను. హీరో చెయ్యి పట్టి గుంజుతాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు, తర్వాత అదంతా ప్రేమే అంటాడు. ఇంగ్లీషులోనూ ఈ జబ్బుంది. గ్రహాంతరవాసి అమ్మాయిని ఎత్తుకుపోయే నవలలు అక్కడ గుట్టలు. పొగరు వేరు, జులుం వేరు. పొగరున్నవాడికి తప్పు తెలిసొచ్చే ఒక ఘట్టం ఉండాలి, అప్పుడు అతను నోరు తెరిచి క్షమాపణ అడగాలి. ఆ పేజీ లేని నవలను నేను సగంలోనే మూసేస్తాను.

రాసే అమ్మాయిలెవరైనా అడిగితే నేనిచ్చే హీరోయిన్ ఒకతె ఉంది. సిరిసిల్ల పిల్ల. అక్కడ సాంచాలు, అంటే మరమగ్గాలు, వేలల్లో ఉన్నాయి. ఆడవాళ్లు కండెలు చుడతారు, బీడీలు చుడతారు. ఆగిపోయిన సాంచాను బాగుచేసే జాపర్ మాత్రం ఎప్పుడు చూసినా మగవాడే. ఈమెకు తండ్రి దగ్గర ఆ పని అబ్బింది. శబ్దం విని, ఎక్కడ ఏ నట్టు వదులైందో చెప్పగలదు. ఆమెను శనిగ్రహం దాకా పోయే నౌకలో ఎక్కించండి. కెప్టెన్ పెద్దింటివాడు, పేరుమోసినవాడు, ఈ సిరిసిల్ల యాస ఏమిటని మొదటిరోజే మూతి విరిచినవాడు. సగం దారిలో ఇంజన్ ఆగిపోవాలి. ఆమె నూనె మరకల చేతులతో యంత్రం కిందికి దూరి, తల తిప్పకుండానే చెయ్యి చాపి “పానా తే” అనాలి. పద్నాలుగో నంబరుదేదో వాడు వెతుక్కోనీ.