కౌజు పిట్టలకు వంటింటి పోపుల పెట్టె

జలుబు చేస్తే పాలల్లో పసుపు వేసిస్తాం. బాలింతకు వెల్లుల్లి కారం పెడతాం. మునగాకు పప్పు సంగతి చెప్పక్కర్లేదు. మనకు మేలు చేసే ఈ దినుసులే పెరట్లో పెంచే కౌజు పిట్టలకూ పనికొస్తాయంటే ఆశ్చర్యమేముంది? కాకపోతే ఏది ఎంత వేయాలో, వేస్తే ఏం ఆశించాలో తెలిసుండాలి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పిట్టల్ని తెచ్చుకున్న వారికైతే ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే దాణాకే ఎక్కువ ఖర్చవుతుంది.

చిన్న పిట్ట, పెద్ద ఆకలి

ఫారాల్లో పెంచేవి జపాను కౌజులు. కొన్నిచోట్ల కంజు పిట్టలంటారు. 1974లో ఉత్తరప్రదేశ్‌లోని ఇజత్‌నగర్‌కు వీటిని తెప్పించారు. అక్కడి నుంచే దేశమంతా పాకాయి. (అడవి కౌజుల్ని వల వేసి పట్టడం మాత్రం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.)

పదిహేడు, పద్దెనిమిది రోజుల్లో గుడ్డులోంచి బయటికొచ్చే పిల్ల ఏడెనిమిది గ్రాములే ఉంటుంది. అయిదు వారాలు తిరిగేసరికి 180 నుంచి 200 గ్రాములు తూగుతుంది. అంటే నెల దాటి నాలుగు రోజులకే ఇరవై రెట్లు మించి పెరుగుతుందన్నమాట! ఆరేడు వారాలకు పెట్ట గుడ్లు పెడుతుంది.

ఇంత వేగంగా ఎదగాలంటే మాంసకృత్తులు దండిగా అందాలి. మొదటి వారాల్లో దాణాలో 24 నుంచి 27 శాతం దాకా ఉండాలి. నూకలు, తవుడుతో ఇది కుదరదు. మొక్కజొన్నతో పాటు సోయా చెక్క, ఖనిజ లవణాలు, విటమిన్లు కలిసిన దాణా కావాలి. పసుపైనా, వెల్లుల్లైనా ఆ తర్వాతి మాటే. పప్పు లేకుండా పోపు పెడితే ఏం లాభం చెప్పండి?

మందులకు బదులు మొక్కలు

కోళ్లు, పిట్టలు త్వరగా ఎదగాలని దాణాలో కొద్దికొద్దిగా యాంటీబయాటిక్స్ కలపడం చాలాకాలంగా ఉంది. ఇలా అదేపనిగా వాడితే సూక్ష్మజీవులు మందుకు లొంగకుండా పోతాయి. రేపు మన పిల్లలకు జబ్బు చేసినప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చు. అందుకే ఐరోపా సమాఖ్య దేశాలు ఎదుగుదల కోసం వాడే యాంటీబయాటిక్స్‌ను 2006 జనవరి నుంచి నిషేధించాయి. ఆస్పత్రుల్లో చివరి ఆశగా వాడే కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు ఇవ్వకూడదని 2019లో మన ప్రభుత్వమూ ఆంక్ష పెట్టింది. అప్పటి నుంచి మొక్కల పొడుల మీద అందరికీ ఆసక్తి మరింత పెరిగింది.

ఏది ఎందుకు?

పసుపు: ఇందులోని కర్కుమిన్ ఒంట్లో కణాలు దెబ్బతినకుండా కాస్తుంది. పేగుల్లో చెడ్డ సూక్ష్మజీవుల్ని అదుపు చేయడంలో తోడ్పడుతుంది. వంద కిలోల దాణాకు అరకిలో చాలు. కొమ్ములు కొని మీరే ఆడించుకోండి. రంగు కలిపిన పొడి పిట్టలకూ చేటే.

వెల్లుల్లి: దంచినప్పుడే దీని ఘాటు గుణం పుడుతుంది, వేడికి తగ్గిపోతుంది. కాబట్టి వేయించకుండా ఎండబెట్టి పొడి చేయాలి. ఇదీ వంద కిలోలకు అరకిలోనే. మోతాదు మించితే గుడ్డుకూ వాసన పడుతుంది.

మునగాకు: ఎండిన ఆకులో నాలుగో వంతు మాంసకృత్తులే. పచ్చసొనకు మంచి రంగునిస్తుంది. నీడలో ఆరబెట్టి, పొడి చేసి వంద కిలోలకు రెండు కిలోలతో మొదలెట్టండి. ఊరికే దొరుకుతోంది కదా అని గుప్పిస్తే పీచు ఎక్కువై ఎదుగుదల తగ్గుతుంది.

మూడూ ఒకేసారి వేయకండి. ముందు ఒక్కదానితో మొదలుపెట్టండి. వంద పిట్టలు అయిదు వారాల్లో సుమారు 50 కిలోల దాణా తింటాయి. దానికి పావుకిలో పసుపు సరిపోతుంది. పొడిని ముందు కిలో దాణాలో బాగా కలిపి, ఆ తర్వాత మిగతా దాంట్లో కలిపితే అంతటా సమంగా పడుతుంది.

నమ్మే ముందు తూచండి

‘మూలికల టానిక్కు, పది రోజుల్లో బరువు’ అంటూ సీసాలు అమ్మేవాళ్లూ ఉన్నారు. మరి నిజమేనా? పరిశోధనల్లో ఈ పొడులతో కొన్నిచోట్ల బరువు పెరిగింది, కొన్నిచోట్ల తేడాయే లేదు. మీ పెరట్లో సంగతి మీరే తేల్చుకోవచ్చు.

ఒకే రోజు పుట్టిన వంద పిల్లల్ని వారం వయసులో యాభై చొప్పున రెండు గూళ్లుగా విడదీయండి. ఒక గూటికి మామూలు దాణా, రెండో గూటికి పొడి కలిపిన దాణా పెట్టండి. వెచ్చదనం, నీళ్లు, చోటు రెండింటికీ ఒకటే. వారానికోసారి సంచిలో పదేసి చొప్పున తూచి నోటుబుక్కులో రాయండి. తిన్న దాణా కూడా రాయాలి. కిలో బరువుకు ఎంత దాణా పట్టిందో లెక్క కడితే ఖర్చు గిట్టిందో లేదో తెలిసిపోతుంది.

ఒక చిన్న సంగతి. కౌజుల్లో పుంజు కన్నా పెట్టే బరువు. మూడు వారాలకల్లా పుంజు రొమ్ము ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది, పెట్ట రొమ్ము మీద నల్లటి చుక్కలుంటాయి. రెండు గూళ్లలోనూ పెట్టలెన్నో లెక్కపెట్టకపోతే లెక్క తప్పుతుంది.

ఇవి మరవకండి

* బూజు పట్టిన వేరుశెనగ చెక్క, తడిసిన మొక్కజొన్న పారేయాల్సిందే. పసుపు కలిపితే విషం విరగదు.
* వానాకాలంలో పొడి కలిపిన దాణా వారానికి సరిపడానే చేసుకోండి.
* పసిపిల్లల నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి. లేకపోతే మునిగి చనిపోతాయి.
* పిట్టలు ముడుచుకుని కూర్చున్నా, నీళ్ల విరేచనాలు పెట్టినా, ఒకటి రెండు చనిపోయినా వెంటనే పశువైద్యుణ్ణి కలవండి. కౌజులకు పేగుపూత జబ్బు త్వరగా సోకుతుంది. అప్పుడు వెల్లుల్లితో కాలయాపన చేస్తే గూడు ఖాళీ అవుతుంది.
* డాక్టరు మందు రాస్తే చెప్పినన్నాళ్లూ వాడండి. ఆ తర్వాత ఎన్ని రోజులు గుడ్లు, మాంసం అమ్మకూడదో అడిగి తెలుసుకోండి.

పావుకిలో పసుపు, వంద పేజీల నోటుబుక్కు, ఒక త్రాసు. ఈ బ్యాచ్‌తోనే మొదలుపెట్టి చూడండి.